పాటు మొదలయ్యేవేళ

నాలుగున్నరకి ఓడలరేవు గట్టు మీద
టార్చి నోట కరుచుకుని దారం ముడేస్తున్నాడు మద్దిలేటి.
మా ఆఫీసుకి కొత్త లైన్‌మన్.
వచ్చి పదకొండు రోజులు.
స్తంభం ఎక్కడంలో పిల్లి,
నీళ్ళ దగ్గరకొస్తే మాత్రం
చెప్పులు చేత్తో పట్టుకుని ఆగిపోయే మనిషి.

"అన్నా, ఈ ఏరు యాడికి పోతాండాది?"
నిన్న మధ్యాహ్నం సముద్రంలోంచి ఊళ్ళోకి వస్తుంటే చూశాడట,
ఇప్పుడేమో ఊళ్ళోంచి సముద్రంలోకి.
పోటండీ, పాటండీ, అన్నాను,
రోజుకి రెండుసార్లు మనసు మార్చుకుంటుంది.
"మా పత్తికొండ పక్క మనసు మార్చుకునేదానికి
మొదట నీళ్ళుండాల గదా."
నవ్వలేదు, అన్నాక.

డబ్బాలో మూడే మిగిలాయి ఉత్తుత్తి చేపలు,
తక్కినవన్నీ మడవేళ్ళు మింగేశాయి.
రెండు కాకినాడలో కొన్నవి.
మూడోది పాత కిటికీ చెక్కతో నేను చెక్కింది,
వీపుకి మా అమ్మాయి గోళ్ళరంగు, కళ్ళకి గుండుసూది తలలు.
నాలుగేళ్ళుగా ఒక్క చేపా దాన్ని నమ్మలేదు.
అతను దాన్నే ఏరుకున్నాడు.

గెడ వేస్తూ పాయలోకి తిప్పాను.
గ్యాసు ప్లాంటు మంట
నీళ్ళలో తలకిందులుగా వణుకుతోంది.
తెల్లమడల కింద ఎవరో గుప్పెడు గులకరాళ్ళు విసిరినట్టు
చిన్నచేపలు చెదిరాయి.
అంటే కింద పెద్దది ఉందని.

విసరడం నేర్పుదామనుకున్నాను.
మణికట్టు ఒక్కసారి తిప్పాడు,
రెండు వేళ్ళ సందులో, జానెడు చోటులో,
చప్పుడు లేకుండా దిగింది చెక్కచేప.
చిన్నప్పుడు సజ్జచేలో మంచె మీద ఒడిసెల తిప్పేవాడట.
"రాయి పిట్టకి తగలగూడదన్నా, పక్కన పడాల.
తగిలితే మా అవ్వ అన్నం పెట్టదు."

లాగండి, ఆపండి. లాగండి, ఆపండి.
లాగినప్పుడు చూస్తాయి గానీ
ఆపినప్పుడే నమ్ముతాయి.
ఈ ఒక్కటీ నేను చెప్పగలిగాను.

తెల్లారుతుండగా వంగి దోసిట్లో నీళ్ళు తీసి
నాలిక్కి రాసుకున్నాడు.
"సగం ఉప్పు," బేరం కుదరనివాడిలా.
"ఇందులో మా పక్క నీళ్ళేమన్నా ఉంటాయా?"
ఉండవండి, మీవన్నీ హంద్రీలోకి, తుంగభద్రలోకి,
అక్కణ్ణుంచి కృష్ణలోకి.
ఆయ్, ఇది గోదారండి.
"ఒక్క చుక్క గూడా?"
తల అడ్డంగా ఊపాను గానీ
ఆ ముఖం చూశాక
సముద్రం గురించి ఒక మాట చెబుదామని నోరు తెరిచాను.

రీలు కేక పెట్టింది.

నీళ్ళు పగలగొట్టుకుని లేచింది పండుగప్ప,
మొప్పలు తాటాకుల్లా కొట్టుకుంటూ,
కన్ను నిప్పురవ్వలా.
"యమ్మో!"
వదలండి, దారం వదలండి, పోనివ్వండి!
"పట్టుకోమంటావా, పొమ్మంటావా?"
రెండూనండీ!

అది పోయింది, వేళ్ళలోకి.
దారం బిగిసి, మూలిగి, సద్దుమణిగింది.
నేను గెడ అందుకునేలోపు
పడవ దిగేశాడు, తొడల దాకా బురదలోకి,
చెప్పులతో సహా, నీళ్ళంటే భయపడే మద్దిలేటి.
తడిమాడు, తడిమాడు.
చెక్కచేపతో పైకొచ్చాడు.
గోళ్ళరంగు నిలువునా గీరుకుపోయి ఉంది.
ఒక చెప్పు రాలేదు.

"నమ్మింది గదన్నా," అన్నాడు,
అరచేతిలో తిప్పి తిప్పి చూసుకుంటూ.

అప్పుడే ఫోను.
శివార్లో రొయ్యల చెరువుల దగ్గర ఫీజు పోయింది,
ఏరియేటర్లు ఆగాయి, రైతులు అరుస్తున్నారు.
బురద కాళ్ళమీద ఎండి పెచ్చులు రాలుతుంటే
స్తంభం ఎక్కాడు.
మొదట్లో అతని ఒంటి చెప్పు,
పక్కన నేను, తాడు పట్టుకుని.

పదకొండు దాటింది.
పైనుంచి కేకేశాడు,
తీగల సందులోంచి పాయకేసి చెయ్యి చాపి:
"అన్నా, ఏరు మళ్ళా ఇంటికొస్తాండాది!"

పొద్దున మింగేసిన మాట ఒకటుంది నా దగ్గర.
అతను దిగాక చెప్పాలి.
ముందు ఆ ఫీజు పడాలి,
చెరువుల్లో రొయ్యలు పైకి తేలుతున్నాయంటున్నారు.